జంతువుల వాటా నీళ్లు

నా పదవీ విరమణ సభలో ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ మంచిమాటలే చెప్పారు కాబట్టి ఆరుగురూ అబద్ధమే చెప్పారు. వాళ్లలో ఒకాయన, నాకంటే చాలా చిన్నవాడు, "సారు చేతిలో చుక్క నీరు వృథా కాలేదు" అన్నాడు. భుజాల మీద శాలువా కప్పి ఉంది కాబట్టి నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ ఆ శాలువా మడతపెడుతూ, "ఏటలా ఉన్నారు? ఉద్యోగం అయిపోయిందని బెంగా?" అంది. అవునన్నాను. అది ఏడో అబద్ధం.

నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తూంటారు. పాత కాలవల గొడవలు, పాత కాంట్రాక్టర్ల వేషాలు చెప్పమంటారు. అవి ఎన్నయినా చెబుతాను, వాళ్లు కడుపుబ్బ నవ్వుతారు. ఇదొక్కటీ ఇన్నాళ్లూ వాళ్లకి చెప్పలేదు. ఇందులో ఎవరి పేర్లూ రాయను. చెడ్డపేరు రావలసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఆ పిల్లలకి నేనెవరో తెలుసు.

పదిహేనేళ్ల కిందటి మాట. అప్పుడు నేను ఏఈని, అంటే అసిస్టెంటు ఇంజనీరుని. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు ఒడిశా కొండల్ని ఆనుకునే చోట ఒక చిన్న రిజర్వాయరు నా సెక్షన్లో ఉండేది. రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, కలిసే ఇరుకులో మట్టిగట్టు వేసి కట్టారు. చెరువు అంటే చిన్నబుచ్చుకుంటుంది, ప్రాజెక్టు అంటే నవ్వొస్తుంది, అంత. అది కట్టిన చాలా ఏళ్లకి చుట్టూ ఉన్న కొండలన్నిటినీ అభయారణ్యంగా ప్రకటించారు. దాంతో మా నీళ్లు అటవీశాఖవారి ఇంట్లో పడ్డాయి. లోపల్నించి ఒక తట్ట మట్టి ఎత్తాలన్నా వాళ్ల అనుమతి కావాలి. చివరికి రెండు శాఖల పెద్దలూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. నీటిమట్టం చూపించే గేజి మీద ఆరడుగులకి పైన ఉన్న నీరు రైతులది. ఆరడుగులకి కింద ఉన్నది అడవి జంతువులది, వానలు పడేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. దిగువ ఊళ్లవాళ్లు దాన్ని జంతువుల వాటా అనేవారు.

ఏప్రిల్, మే నెలల్లో ఆ కొండల్లో ఇంకెక్కడా నీరు ఉండదు. గెడ్డలు రాళ్లు తేలిపోతాయి. దుప్పులు, ఎలుగులు, అడవిపందులు, కణుజులు అన్నీ ఆ ఒక్క మడుగుకే దిగి రావాలి. కణుజు అంటే తెలియనివాళ్లకి చెబుతున్నాను, జింకల్లో పెద్దది, ఇంచుమించు ఆవు ఎత్తు ఉంటుంది. దానికి నీళ్లంటే ప్రాణం. ఎండాకాలం మధ్యాహ్నాలు మెడదాకా నీళ్లలో నిలబడి మనవైపు చూస్తూ ఉంటుంది.

తూము తీసి మూసి, గట్టు కాసి, రోజూ పొద్దున్న గేజి చూసి పుస్తకంలో అంకె వేసే ఉద్యోగిని మా శాఖలో లస్కరు అంటాం. అక్కడి లస్కరు నాకంటే పదేళ్లు పెద్దవాడు, దిగువ ఊరి రైతు కుటుంబంలోంచి వచ్చినవాడు. అయినా నేను ఆయన్ని నువ్వు అనేవాణ్ణి, ఆయన నన్ను తమరు అనేవాడు. ఆయనకి గట్టు మీద ఒక రేకుల గది, నీటి అంచున ఒక వెదురు తెప్ప ఉండేవి. పొద్దున్నే తెప్ప మీద తిరిగి, గడ దింపి అడుగు తడిమి వస్తూండేవాడు. ఎందుకయ్యా అని అడిగితే, "ఒంట్లో ఎలగున్నాదని అడిగినట్టు బాబూ" అని నవ్వేవాడు.

నేను చార్జి తీసుకున్న రోజునే ఆయన ఒక మాట అన్నాడు. "పంటకి నీరు సాలకపోతే రైతులొచ్చి తమర్ని అడుగుతారు బాబూ. జంతువుల నీరు పోతే మాత్రం అందరూ నన్నడుగుతారు. ఇక్కడ ఉండీది నాను కదా."

నేను భోగాపురం వైపు సముద్రపొడ్డున పుట్టినవాణ్ణి. మా తాత తాడుకి రాయి కట్టి, అడుగు ఎంత లోతో చూడనిదే వల దింపేవాడు కాదు. ఆ ఇంట్లోంచి వచ్చిన మొదటి ఇంజనీరుని కదా, నాకు తాడూ రాయీ నామోషీ. నా దగ్గర పట్టిక ఉంది. రిజర్వాయరు కట్టిన రోజుల్లో తయారుచేసిన కాయితం అది. గేజి మీద ఇన్ని అడుగులుంటే లోపల ఇంత నీరున్నట్టు అని వరసగా వేసి ఉంటుంది. నాకు ముందున్న ఏఈ దాన్ని నాకు అప్పగించాడు, ఆయనకి ముందున్నాయన ఆయనకి అప్పగించాడు. అక్షరాలు చెదిరిపోతున్నాయని నేను కొత్తగా టైపు చేయించి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. ఆ రిజర్వాయరుకి నేను చేసిన మరమ్మతు అదొక్కటే.

ఆ ఏడు దిగువన రైతులందరూ మొక్కజొన్న వేశారు. ఏప్రిల్లో ఒకరోజు పాతికమంది మా ఆఫీసుకి వచ్చారు. వాళ్లకి ముందు నిలబడ్డది నీటి సంఘం అధ్యక్షుడు. ఆయన మా లస్కరుకి స్వయానా చెల్లెలి మొగుడు.

"కంకి పాలు పోసుకుంటన్నాది బాబూ" అన్నాడు అధ్యక్షుడు. "ఒక్క తడి ఇచ్చీండి. ఒక్కటంటే ఒక్కటి. నేకపోతే సొప్ప కోసి పశువులకి ఎయ్యడమే."

ఆ రోజు గేజి పదకొండు ఉంది. పదకొండులోంచి జంతువుల ఆరు తీసేస్తే అయిదు. పట్టిక చూశాను. ఆ అయిదడుగుల నీరు తూము పూర్తిగా ఎత్తితే నాలుగు రోజులు వస్తుంది. నాలుగు రోజులు వస్తే చివరి పొలందాకా తడుస్తుంది. రైతులకి తడి, జంతువులకి వాటా, నాకు మంచిపేరు. లెక్క అంత అందంగా కుదిరేసరికి నేను తబ్బిబ్బయిపోయాను. వాళ్లతోపాటు నేనే జీపులో గట్టు మీదికి వెళ్లాను.

లస్కరు అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"పదకొండు ఎక్కడున్నాది బాబూ? గేజి రాసింది తూము గోడ మీద. తూము ఎత్తినప్పుడల్లా ఆ ముందరి బురద కొట్టుకుపోయి అక్కడ గొయ్యి పడిపోనాది. ఆ గోతిలో పదకొండే, నాను కాదన్ను. పది బారలు లోపలికి ఎల్తే నా నడుం మునగదు. కిందంతా పూడిక. ఆరుకి దించీస్తే జంతువులకి మిగిలేది నీరు కాదు, బురద."

"మరి ఇన్నాళ్లూ పుస్తకంలో రాస్తున్నదేమిటి?"

"గేజి సూసి రాయమన్నారు, రాస్తన్నాను. లోపల ఏటున్నాదో ఎవరూ అడగనేదు." ఆయన తెప్పవైపు చెయ్యి చూపించాడు. "అరగంట బాబూ. తెప్పెక్కండి. గడ దింపి సూపిస్తాను, తమరే సూడండి."

మిట్టమధ్యాహ్నం. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. తెప్ప వెదుళ్ల సందుల్లోంచి నీళ్లు పైకి వస్తున్నాయి, నా కాళ్లకి కొత్త బూట్లున్నాయి. ఇంకోసారి చూద్దాంలే అన్నాను. పిల్లలూ, నా సర్వీసంతటిలో నేను ఎగ్గొట్టిన అరగంటలు చాలా ఉన్నాయి. మిగతావేవీ నాకు గుర్తు లేవు.

అధ్యక్షుడికి ఓపిక పోయింది. "ఏటి బావా నువ్వు? సొంతూరి పంట ఎండిపోతంటే కణుజులకి కాపలా కాస్తన్నావేటి? అవి నీకు కూడెడతాయా?"

"నీకు ఈ పంట పోతే మల్లీ ఏడు ఏసుకుంటావు బావా" అన్నాడు లస్కరు. "అవి మల్లీ ఏటి వరకూ తాగకుండా ఉంటాయా?"

రైతులు ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టారు. లస్కరు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అయితే ఒక కాయితం ముక్క రాసిచ్చీండి బాబూ, తూము ఎత్తమని" అన్నాడు.

మా శాఖలో నీళ్లు నోటిమాట మీద వదులుతారు, కాయితం తరవాత వస్తుంది. వస్తే వస్తుంది. అందరం అలాగే పని చేశాం, మా పైవాళ్లూ అలాగే చేశారు. అడగడం ఆయన హక్కు. కానీ అంతమంది ముందు అడిగేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

"నా మాట మీద నమ్మకం లేదా నీకు?" అన్నాను.

ఆయన సిగ్గుపడిపోయాడు. "తమరి మాటంటే నమ్మకం నేకపోవడవేటి బాబూ" అని గబగబా వెళ్లి హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టాడు. రైతులు ఈలలు వేశారు. ఎవరో నాకు కొబ్బరిబొండం తెచ్చి ఇచ్చారు, తాగాను.

మూడో రోజు పొద్దున్న ఆఫీసులో ఉండగా లస్కరు ఫోన్ చేశాడు.

"బాబూ, గేజి ఆరుకి వచ్చీసినాది. తూము మూసీస్తన్నాను."

"అప్పుడే ఆరు ఎలా వస్తుందయ్యా? లెక్క ప్రకారం ఇంకా తొమ్మిది ఉండాలి."

"సూసే సెప్తన్నాను బాబూ. ఆరే."

నా బల్ల అద్దం కింద పట్టిక కనిపిస్తోంది. దాని ప్రకారం తొమ్మిదే. చివరి పొలాలకి ఇంకా నీరు అందలేదని అధ్యక్షుడు పొద్దున్నించి మూడుసార్లు ఫోన్ చేశాడు. నాకు చిరాకేసింది. "కళ్లద్దాలు ఎప్పుడు మార్చావు? నీ కళ్లకి తొమ్మిది తిరగబడి ఆరులా కనిపిస్తున్నట్టుంది" అన్నాను. గదిలో ఉన్న గుమాస్తాలు పకపకా నవ్వారు. వాళ్లు నవ్వేసరికి నాకు ఇంకాస్త హుషారొచ్చింది. "పుస్తకంలో తొమ్మిది వెయ్యి. నేను చెప్పేదాకా తూము ముయ్యకు" అన్నాను.

 "అలగే బాబూ" అన్నాడు. నేను చెప్పిన అంకె తన చేత్తో వేశాడు. నేను చెప్పినట్టే తూము ఎత్తి ఉంచాడు.

నాలుగో రోజు సాయంత్రం అటవీశాఖ రేంజరు ఫోన్ చేసి, "ఏం చేశారండీ మీరు?" అన్నాడు, అంతే, పెట్టేశాడు. నేను వెళ్లేసరికి రిజర్వాయరు లేదు. గట్టు మీంచి ఎదరి కొండదాకా నల్లటి బురద. తూము ముందు గోతిలో మాత్రం మా పెరటి నుయ్యి కంటే కాస్త వెడల్పున నీరు. దాని చుట్టూ చేపలు కొట్టుకుంటున్నాయి, దిగువ ఊరివాళ్లు గంపలతో ఏరుకుంటున్నారు. తూము నేనే మూశాను. మూయడానికి ఏమీ మిగల్లేదు, అయినా హ్యాండిల్ చివరిదాకా తిప్పాను. లస్కరు రేకుల గది గుమ్మంలో కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.  తిట్టినా బాగుండేది.

వారం తిరిగేసరికి బురద మీద పొర కట్టింది. పైకి గట్టినేలలా కనిపించేది, కింద మెత్తన. జంతువులకి ఆ గోతిలో నీటి వాసన తగులుతుంది, దాన్ని చేరాలంటే ఆ బురద దాటాలి. గెడ్డ వైపు సిమెంటు తొట్లు పెట్టి ట్యాంకరుతో నీళ్లు పోశారు. లారీ చప్పుడుకి, డీజిలు వాసనకి ఒక్కటీ దగ్గరికి రాలేదు.

ఒక పొద్దున్న నేను వెళ్లేసరికి ఆడ కణుజు ఒకటి గుండెలదాకా దిగబడిపోయి ఉంది. రాత్రంతా పెనుగులాడిందేమో, చుట్టూ బురద చిలికేసినట్టుంది. అటవీశాఖవాళ్లు వెదురు తడకలు పరిచారు, తాళ్లు తెచ్చారు. తడక మీద బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్లింది మా లస్కరు. ఎవరూ వెళ్లమనలేదు. దాని పొట్టకింద చెయ్యి దూర్చి తాడు తిప్పాడు. "మెల్లిగా లాగండి, మెల్లిగా" అని అరుస్తూనే ఉన్నాడు. పదిమంది లాగారు. సగం దాకా వచ్చి తల వాల్చేసింది. దానికి దెబ్బలేమీ లేవు. బెదురుకే గుండె ఆగిపోయి ఉంటుందని రేంజరు అన్నాడు. లస్కరు తువ్వాలు తడిపి దాని నోట్లో పిండుతూనే ఉన్నాడు. "అయిపోయింది, వచ్చెయ్యి" అని రేంజరు రెండుసార్లు పిలిస్తేగాని వెనక్కి రాలేదు. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. నా బట్టలకి ఒక్క మరక లేదు.

ఆ వేసవిలో అలా ఎన్ని పోయాయో లెక్క రాసినవాళ్లు ఉన్నారు. నేను ఎప్పుడూ అడగలేదు. కొన్ని నీళ్లు వెతుక్కుంటూ ఊళ్లలోకి దిగి కుక్కల పాలయ్యాయి. ఇంతా చేసి, చివరి పొలాల మొక్కజొన్న కూడా తడవలేదు.

విచారణకి మా పై ఆఫీసరు వచ్చాడు. మంచి మనిషి, మా అందరికీ ఇష్టుడు. గేజి పుస్తకం తెరిచాడు. మూడో రోజు పొద్దున్న తొమ్మిది, మర్నాటికి ఏమీ లేదు. రాసింది లస్కరు చెయ్యి. తూము తెరవమని నా కాయితం లేదు. పూడిక సంగతి బయటికి లాగితే పట్టికని కళ్లు మూసుకుని నమ్మిన ఇంజనీర్లందరూ జవాబు చెప్పుకోవాలి, ఒకప్పుడు అక్కడే ఏఈగా చేసిన ఈ ఆఫీసరూ అందులో ఉన్నాడు. నన్ను పక్కకి పిలిచి, "పాపం ముసలాడికి చూపు ఆనుతోందా?" అని అడిగాడు. నాకు దారి చూపిస్తున్నాడని అర్థమైంది.

తరవాత అందరి ముందూ లస్కరుని అడిగాడు. "బాబుగారు సెప్పినట్టే రాసినాను" అన్నాడాయన, నావైపు చూస్తూ. ఆఫీసరు కూడా నావైపు తిరిగాడు. నేను నీళ్లు నమిలాను. ఫోన్లో ఏదో మాట్లాడినట్టు గుర్తే గాని అంకెలేవీ చెప్పలేదన్నాను. నాకు అప్పుడు ఇద్దరు చదువుకునే పిల్లలు, ప్రమోషను వరసలో రెండో పేరు నాది. ఇవి కారణాలని చెప్పడం లేదు, ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నవి ఇవేనని చెబుతున్నాను. లస్కరు తల దించుకున్నాడు. ఆ తరవాత ఏం అడిగినా, "తమరి దయ" అన్నాడు తప్ప ఇంకో మాట అనలేదు.

కంటిచూపు మందగించడం వల్ల గేజి తప్పుగా చదివాడు, తూము సకాలంలో మూయలేదు అని నివేదిక తయారయింది. ఆ వాక్యం రాసింది నేనే. ఆయన్ని సస్పెండు చేశారు. కొన్నాళ్లకి తిరిగి తీసుకుని డివిజన్ ఆఫీసు గేటు దగ్గర కాపలాకి వేశారు. గట్టు ఎక్కనివ్వలేదు. నేను రోజూ కారులో ఆ గేటు దాటేవాణ్ణి. ఆయన లేచి సలాం చేసేవాడు. నేను కిటికీ అద్దం దించకుండా తల ఊపేవాణ్ణి. మూడేళ్లు అలా జరిగింది. నాకు ప్రమోషను వచ్చింది.

పూడిక తీయడానికి పంపిన ఫైలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగి తిరిగి ఎక్కడో ఆగిపోయింది. కిందటేడు వెళ్లి చూశాను. రిజర్వాయరు సగం తుంగ, గడ్డి. నీరు ఉన్న చోట కూడా నడిచి దాటేయొచ్చు. అక్కడి ఏఈ కుర్రవాడు మర్యాదస్థుడు. ఇప్పుడు రీడింగు ఫోన్లో పంపిస్తే చాలు సార్, నీరు ఎంతుందో కంప్యూటరే లెక్క కడుతుంది అని తెర మీద చూపించాడు. ఏ పట్టిక ఎక్కించారని అడిగాను. పాతదే సార్, ఇంకోటి లేదు కదా అన్నాడు. కణుజులు కనిపిస్తున్నాయా అని అడిగితే, అవి ఇక్కడ ఉండేవా అన్నాడు.

అక్కణ్ణించి తిన్నగా దిగువ ఊరు వెళ్లాను. జేబులో ఒక కాయితం ఉంది, జరిగిందంతా రాసి సంతకం పెట్టాను. శాఖకి పంపే ముందు ఆయనకి చదివి వినిపించాలని నా ఉద్దేశం. నిజం చెప్పాలంటే ఆయన నన్ను నాలుగు మాటలు అంటాడనీ, దాంతో నా గుండెబరువు కాస్త దిగుతుందనీ ఆశ. చూశారా, అప్పుడూ నా సంగతే.

ఆయన వసారాలో నులకమంచం మీద ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. గొంతుని బట్టి నన్ను గుర్తుపట్టి లేవబోయాడు. కూర్చోమన్నాను, మొదటిసారి మీరు అన్నాను. ఆయన భార్య స్టూలు తెచ్చి వేసింది. నేను కాయితం విప్పేలోపు ఆయనే మొదలుపెట్టాడు.

"తమరు వస్తారని ఎన్నాల్లనుంచో అనుకుంటన్నాను బాబూ. ఒక మాట సెప్పుకోవాలి. ఆ రోజు నా కల్లు సరిగ్గా ఆన్నేదు. ఆరుని సూసి తొమ్మిదని రాసీసినాను. పాపం, ఆ మూగజీవాలు నా మూలాన పోనాయి. ఇచారణలో తమరి పేరు కూడా లాగినాను. ఆ మాట అనకూడదు నాను."

 "మీరు ఆరు అనే చెప్పారు" అన్నాను. "మూసేస్తానని చెప్పారు. తొమ్మిది వెయ్యమన్నది నేను."

ఆయన నవ్వాడు. "నేదు బాబూ. కాయితంలో ఉన్నాది కదా. పెద్దపెద్దవోలు కూకుని రాసినారు, అబద్ధం రాస్తారేటి? నాను కూడా మొదట అలగే అనుకునీవోణ్ణి, తమరే సెప్పినారని. తరవాత తరవాత తెలిసినాది."

కాయితం మొత్తం చదివాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. అయ్యాక భార్య వైపు తిరిగి, "సూసినావేటే? నా తప్పు తన మీద ఏసుకోడానికి ఇంత దూరం వచ్చినారు బాబుగారు. ఇలాటి ఆఫీసరు దగ్గిర పని సేసినాను నాను" అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని నాకు దణ్ణం పెట్టింది.

మళ్లీ చెప్పాను. ఆయన చేతులు పట్టుకుని చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో అన్నిసార్లూ ఆయన నన్ను క్షమించమనే అడిగాడు.